చెరువు చిన్నదా, చేప చిన్నదా?

గడచిన నెల మన సంఘపు సభలో ఒక ప్రతిపాదన వచ్చిన సంగతి సభ్యు లెరుగుదురు. పది సెంట్లు, పదిహేను సెంట్లు చొప్పున చేపల గుంటలు గల సభ్యులు తమ నడిమి గట్లను తెంపి, రెండు మూడెకరముల చెరువుగా కలుపుకొనవలెననియు, అందులకు సంఘము అప్పు లీయవలెననియు ఆ ప్రతిపాదన సారము. దానికి చెప్పబడిన కారణ మొక్కటే: "చిన్న గుంటలో చేప చిన్నదిగానే యుండును, చెరువు నెంతో చేపయు నంతే." ఈ మాట విని సభలో చాలమంది తల లూపిరి. మేము మాత్రము ఒక్క నెల గడువు కోరితిమి. గడువు కోరినందులకు కొందరు మిత్రులు నొచ్చుకొనిరని వింటిమి గనుక, ఎందుకు కోరితిమో ఈ పత్రికాముఖమున విన్నవించుట మా విధి.

ఆ మాట అబద్ధమని మే మనుటలేదు. నిజమే కావచ్చును. నిజమని తేల్చుటకు సభలో చూపబడిన సాక్ష్య మేది యని మాత్రమే మా ప్రశ్న. రేపల్లె వైపునుండి రెండు చేపలు బల్లమీదికి వచ్చినవి. రెండును శీలావతులే. పన్నెండు సెంట్ల గుంటలోనిది ముప్పాతిక కిలో తూగినది. రెండెకరముల చెరువులోనిది కిలోన్నర తూగినది. కన్నులకు కట్టినట్లున్న ఈ భేదమును చూచిన పిమ్మట ఇక వాదమెందుకని సభ్యులు తలంచుట సహజమే. సభ ముగిసిన తరువాత మేము ఆ రెండు చెరువుల యజమానులను ప్రక్కకు పిలిచి నాలుగు ప్రశ్న లడిగితిమి. పెద్ద చెరువులో వేసినది ఏడాది వయసుగల 'జీరో పాయింటు' పిల్ల. గుంటలో వేసినది వ్రేలెడు పిల్ల. పెద్ద చెరువున సెంటుకు ఇరువది చేపలు. గుంటలో సెంటుకు అరువదికి తక్కువ లేవు. అక్కడ నూనె తీసిన తవుడును సంచులలో నింపి, సంచులకు రంధ్రములు పొడిచి, వెదురు గడలకు కట్టి ప్రతిదినమును మేపిరి. ఇక్కడ ఇంటి తవుడు చేతికి వచ్చినంత, తోచిన దినమున. అక్కడికి బోదె నీరు. ఇక్కడికి ఊరి మురుగు. ఇన్ని భేదములుండగా, నేరమంతయు చెరువు వైశాల్యముమీదనే మోపితిమి.

ఈ 'జీరో పాయింటు' సంగతి కొంత విడమరచి చెప్పవలసి యున్నది. మన ఆంధ్రదేశపు చేపల రైతులు తమ అనుభవముచేత కనుగొన్న గొప్ప ఉపాయములలో ఇది యొకటి. చిన్న పిల్లలను తెచ్చి నర్సరీ గుంటలలో మిక్కిలి ఒత్తుగా, తక్కువ మేతతో మాసముల తరబడి ఉంచెదరు. అవి చావవు, పెరుగవు, కురచబడి యుండును. పిమ్మట వానిని తీసి పలుచగా పెద్ద చెరువులలో వదలినచో, ఆకలిగొన్నవాడు విందుకు కూర్చున్నట్లు మేసి, వెనుకబడిన పెరుగుదలను త్వరగా పూడ్చుకొనును. ఇది కొల్లేటి ప్రాంతమున గాని మన ప్రాంతమున గాని దినదినము కనబడు విషయమే. దీనిని చూచియే గాబోలు, "చిన్న గుంటనుండి పెద్ద చెరువునకు మార్చగానే చేప ఎదిగినది" అను మాట పుట్టినది. అయితే మార్చిననాడు మారినది చెరువు ఒక్కటేనా? ఒత్తు తగ్గినది, మేత పెరిగినది, నీరు మారినది. ఇందులో ఏది ఎంత పని చేసినదో ఆ ఒక్క మార్పునుబట్టి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు.

ఇతరుల తప్పు లెన్నునట్లు కనబడవచ్చును గనుక మా తప్పును కూడ ఇచ్చటనే ఒప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట తెనాలి దగ్గర రెండు చెరువులను పోల్చి, ఒక మేత మేలైనదని మేమే పదిమందిలో చెప్పితిమి. మరుసటి యేడు ఆ మేతను కొని వాడిన రైతులకు ఏమియు కలసిరాలేదు. తరువాత విచారింపగా, మేము మేలైన మేత వేసితిమనుకొన్న చెరువు గట్టున పశువుల కొట్టమున్నదనియు, ప్రతి వానకును పేడనీళ్లు అందులోనికి దిగుచుండెననియు తెలిసినది. పేడ నీటిలో పచ్చదనమును పెంచినది. చేపలు దానిని తిని పెరిగినవి. పేరు మాత్రము మేతకు వచ్చినది. ఆ రైతులలో ఒకరు మమ్ములను ఏమియు అనక, "అయ్యా, ఈసారి కొట్టము లేని చెరువు చూడండి" అని మాత్రమే చెప్పిరి. ఆ మాట నేటికిని మా చెవిలోనే యున్నది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చెదము. "చెరువు పెద్దదైన చేప పెరుగునా" అను ప్రశ్నలో నిజముగా రెండు ప్రశ్నలు దాగియున్నవి. పది సెంట్ల గుంటలో 200 చేప లుండగా, నలుబది సెంట్ల చెరువులోను 200 చేపలనే వదలినచో, పెద్ద చెరువులోని చేప ఎదుగును. అందులో సందేహము లేదు. అక్కడ సెంటుకు 5 చేపలు, ఇక్కడ 20. ఇది ఒత్తును గూర్చిన పరీక్షయే గాని చెరువు పరిమాణమును గూర్చినది కాదు. ఈ ఫలము కావలెనన్నచో గట్టు తెంపనక్కరలేదు. గుంటలో పిల్లను తగ్గించిన చాలును, అప్పు అవసరములేదు. అట్లు గాక, రెండింటను సెంటుకు 20 చొప్పున, అనగా చిన్నదానిలో 200, పెద్దదానిలో 800 వదలి, తలకు సమానముగా మేత వేసి, అప్పుడును పెద్దదానిలోని చేప బరువు తూగినచో, అది చెరువు పెద్దదగుటవలన కలిగిన లాభము. మన సభ అప్పు ఈయదలచినది ఈ రెండవ లాభమునకు. మనకు చూపబడిన సాక్ష్యము మొదటి లాభమునకు.

చెరువు పెద్దదగుటవలన ఏ మార్గమున లాభము రావచ్చునో యోచించినచో, పూర్వపు గొలుసు కొలతలో లెక్క సులువుగా తేలును. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. ఒక గొలుసు చదరము సరిగా పది సెంట్లు. దాని నాలుగు గట్ల పొడవు 264 అడుగులు, అనగా సెంటు నీటికి 26 అడుగులకు పైగా గట్టు. ఎకరము చదరపు చెరువైనచో గట్టు సుమారు 835 అడుగులే. సెంటుకు 8 అడుగులు దాటి కొంచెము. నీరు పదింతలైనను గట్టు మూడింతలకు కొద్దిగా మాత్రమే మించినది. గట్టు తగ్గిన కొలదియు ఊట తగ్గును, గట్టుమీది చెట్ల నీడ తగ్గును, గట్టు దాపున కాచుకొని కూర్చుండు కొంగకును లకుముకి పిట్టకును చేప దూరమగును. విశాలమైన నీటిమీద గాలి అల రేపి నీటిని కలియబెట్టును. పగలు నీటిలోని పచ్చదనము ప్రాణవాయువును పుట్టించును. రాత్రి చేపయు పచ్చదనమును కూడ దానిని వాడుకొనును. కావుననే తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గి, చేపలు పైకి వచ్చి నోరు తెరచుట మనము చూచుచున్నాము. ఇందు చిన్న గుంట నష్టపడవచ్చును. మరియొక విధమున చిన్న గుంటకే మేలు కలుగవచ్చును: మేత వృథా కాదు, రోగము త్వరగా కంటబడును, వల ఒక్క లాగుడులో తిరుగును. ఏ పళ్లెము క్రుంగునో ఊహించి చెప్పరాదు. తూచి చూడవలెను.

తూచి చూచుటకు మేము సూచించు మార్గమిది. ఒక గొలుసు వెడల్పు, ఐదు గొలుసుల పొడవు గల చెరువు సరిగా 50 సెంట్లు. ఒక కొననుండి ఒక గొలుసు దూరమున అడ్డముగా మట్టి గట్టు వేసినచో, ఒక ప్రక్క 10 సెంట్లు, మరియొక ప్రక్క 40 సెంట్లు ఏర్పడును. గట్టు ఆక్రమించు స్థలమును తీసివేసి, మిగిలిన నీటిని కొలిచి, దానినిబట్టి చేపల లెక్క సవరించుకొనవలెను. ఒకే నేల, ఒకే ఎండ, ఒకే లోతు. నీరు మాత్రము ఒకదానినుండి మరియొకదానికి పారకుండ, బోదెనుండి రెండింటికిని వేరువేరు తూములు పెట్టవలెను. గట్టుకు బదులు వల కట్టరాదా యని ఒక సభ్యు డడిగినాడు. వల కట్టినచో నీరు రెండు ప్రక్కలకును ఒక్కటే యగును. అప్పుడు ఈదు చోటు మాత్రమే వేరగును, నీటి మంచిచెడ్డలు బయటపడవు. మనకు కావలసినది రెండును.

పది సెంట్ల గుంట ఏ కొనను ఉండవలెను? ఈ ప్రశ్నను అల్పమని త్రోసివేయరాదు. యజమాని ఇష్టమునకు వదలినచో, లోతైన వైపో, బోదెకు దగ్గర వైపో పెద్దదానికి ఇచ్చును. అతనికి తెలియకుండనే ఇచ్చును. కావున రెండు చీటీలు వ్రాసి, పసివానిచేత ఒకటి తీయించవలెను. మేము బాలురముగా మిషను పాఠశాలలో చదువుకొన్నప్పుడు దానియేలు కథ విన్నాము. రాజుగారి భోజనము తినినవారిని, శాకములు మాత్రము తినినవారిని పది దినములు గడచిన పిమ్మట ప్రక్క ప్రక్కన నిలిపి చూచిరి. ప్రక్క ప్రక్కన నిలిపి చూచుట మంచి పద్ధతియే. అయితే ఎవరు ఏ ఆహారము తినవలెనో చీటీ తీసి నిర్ణయింపలేదు. దృఢచిత్తులే శాకములను కోరుకొనిరి. ఆ కథ వచ్చిన నాటికి చీటీల ఉపయోగము ఇట్లుండునని ఎవరికిని తోచలేదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రమున 1919లో కొలువునకు చేరిన రొనాల్డ్ ఫిషర్ అను గణితవేత్త దానిని శాస్త్రముగా స్థాపించి, 1935లో గ్రంథముగా ప్రకటించెను. మన ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు ఆ ఫిషరుగారి కడనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి లోకప్రసిద్ధు లైరి. కావున ఇది మనకు పరాయి విద్య యనుకొననక్కరలేదు.

పిల్ల విషయమున మన తరము అదృష్టవంతమైనది. పూర్వము నదులనుండి పట్టిన పిల్లలో ఏ జాతి ఎంతో, ఏ వయసుదో తెలియదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగూలున హీరాలాల్ చౌధురీగారు పీయూషగ్రంథి రసమును ఎక్కించి చేపలచేత గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైరి. ఆ దినమునే నేడు దేశమంతట చేపల రైతుల దినముగా జరుపుచున్నారు. దానివలన ఒకే తల్లి గ్రుడ్లనుండి ఒకేనాడు పుట్టిన పిల్లను తెచ్చుకొనుట మనకు సాధ్యమైనది. అట్టి పిల్లను ఒకే తొట్టిలో కలిపి, ఎంచక చేతికి వచ్చినట్లు లెక్కించి, చిన్నదానికి ఒకటి పోసిన పెద్దదానికి నాలుగు చొప్పున పోయవలెను. శీలావతి తొమ్మిది పాళ్లు, బొచ్చె ఒక పాలు చాలును. మేతయు అట్లే, చిన్నదానికి కిలో యైనచో పెద్దదానికి నాలుగు కిలోలు, సంచులును నాలుగింతలు. పెద్ద చెరువు చేప ఎదిగినదని ఉత్సాహముతో దానికి మరి రెండు గుప్పెళ్లు హెచ్చుగా వేసిననాడు పరీక్ష చెడినట్లే.

ఇక అందరును పొరబడు చోటు. "చెరువులో 800 చేపలున్నవి గదా, 800 సాక్ష్యములు గదా" అని అందురు. కావు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మన స్త్రీలు చెప్పుదురు, అది సత్యము. ఆ మెతుకు ఆ కుండ సంగతి చెప్పును గాని, ప్రక్క యింటి కుండ సంగతి చెప్పదు. ఒక చెరువులోని 800 చేపలును ఒక్క కుండలోని మెతుకులు. ఆ చెరువునకు ఒకనాడు మురుగు వచ్చినచో 800 చేపలకును వచ్చును. మన ప్రశ్నకు సాక్షి చేప కాదు, చెరువు. 1984లో హర్ల్‌బర్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, పెద్ద పెద్ద విద్వాంసులు కూడ ఈ తప్పునే చేసి గ్రంథములు ప్రకటించుచున్నారని ఎత్తి చూపెను. వారే పొరబడగా మనకు సిగ్గుపడవలసిన పని లేదు; మరల పొరబడినచో మాత్రము సిగ్గే.

ఎన్ని జతల చెరువులు కావలెను? ఒక్క జత యైనచో, పరిమాణమువలన ఏ భేదము లేకపోయినను, పెద్ద చెరువు గెలుచుటకు సగముపాలు అవకాశ మున్నది, నాణెము ఎగురవేసినట్లే. మూడు జతలలో మూడింటను పెద్దదే గెలుచుట ఉత్త అదృష్టముచేత నెనిమిదింట ఒకసారి జరుగవచ్చును. ఆరు జతలైనచో, ఆరింటను పెద్దదే గెలుచుట అరువది నాలుగింట ఒకసారి మాత్రమే. కావున ఆరు జతలకు తక్కువ కాకూడదని మా యభిప్రాయము: తెనాలి వైపు రెండు, బాపట్ల వైపు రెండు, రేపల్లె వైపు రెండు. తెనాలి నల్లరేగడి నీటిని పట్టి ఉంచును. బాపట్ల దగ్గర ఇసుక నేలలో గుంట కారిపోవును. రేపల్లె దాటి నిజాంపట్టణము వైపు పోయినకొలది ఉప్పు తగులును. తెనాలి పెద్ద చెరువును బాపట్ల చిన్న గుంటతో పోల్చినచో నేలను పోల్చినట్లగును. ఏ ఊరి జతను ఆ ఊరిలోనే పోల్చవలెను. మూడు నేలలలోను ఒకే ఫలము వచ్చెనా, అది మన డెల్టాకంతటికి పనికివచ్చు మాట. 1945లో బాపట్ల వ్యవసాయ కళాశాల నెలకొల్పబడిన నాటినుండియు అచ్చట వరి రకములను మళ్లలో పోల్చు విధానమును చూచిన రైతులు మనలో పలువు రున్నారు. మన ఇండ్లలో నిత్యము వండుకొను సాంబ మసూరి, బి.పి.టి. 5204, అచ్చటనుండి 1986లో వచ్చినదే. ఒక్క మడిలో బాగుగా పండినదని దానిని విడుదల చేయలేదు గదా! వరికి చేసిన మర్యాద చేపకేల చేయరాదు?

తూకమును గూర్చి రెండు మాటలు. నెలకొకసారి లాగుడు వలతో ప్రతి చెరువునుండి 30 చేపలు పట్టి తూచవలెను. విసురువల పనికిరాదు, మేతసంచి దగ్గర చేరిన బలిసిన చేపలే అందులో పడును. కాటా దగ్గర కూర్చున్నవానికి ఏ డ్రమ్ము ఏ చెరువుదో చెప్పక, అంకె మాత్రము వేసి పంపవలెను. మనుష్యుని మనస్సు ముల్లును కూడ కొంచెము తన వైపునకు లాగును. కడపటి పట్టుబడినాడు ప్రతి చేపను లెక్కించవలెను. ఇది ముఖ్యము. చిన్న గుంటలో సగము చేపలు కొంగలపాలై, మిగిలిన సగము హాయిగా మేసి బలిసినచో, తలకు తూకము చూచి చిన్న గుంటయే మేలనుకొందుము. యజమాని మాత్రము కుదేలగును. తలకు తూకము, బ్రదికిన లెక్క, సెంటుకు మొత్తము తూకము, మూడును పుస్తకములో ఎక్కవలెను.

ఒక సంవత్సరము వ్యర్థమగునని ఆక్షేపణ. వ్యర్థమెట్లు? ఆ చెరువులలోని చేప అమ్ముడుపోవును. హెచ్చుగా అయ్యెడి వ్యయము అడ్డుగట్టు మట్టి కూలి, తూకము దినములలో నలుగురి శ్రమ. మరియొక ఆక్షేపణ, కొల్లేటి దగ్గర పదుల ఎకరముల చెరువులు లాభించుచున్నవి గదా యని. లాభించినవి అనేకము లున్నవి. అయితే అచ్చటి వ్యాపారి పెద్ద చెరువు త్రవ్వుటకు చేప బరువు ఒక్కటే కారణము కాదు. కాపలా ఖర్చు, వల ఖర్చు, లారీ నింపు సౌకర్యము కూడ కారణములు. అవి మనకును కారణములే యగునేని, ఆ పేరనే అప్పు అడుగుదము. చేప ఎదుగుననుమాట చాటున అడుగరాదు.

గట్టు తెంపుటను మేము ఇంతగా శంకించుటకు మరియొక హేతువున్నది. గట్టు తెంపుట ఒక పూట పని. తిరిగి వేయుట ఏండ్ల పని. నలుగురి గుంటలు ఒక చెరువైన మరునాటినుండి ఎవరి నీరు ఎవరిదని తేల్చుట కరణము తరము కూడ కాదు. పది సెంట్ల గుంటను కౌలుకు తీసుకొని, ఇంటిల్లిపాది శ్రమించి మేపుకొనుచున్న పేద సభ్యుడు ఆ మూడెకరములలో కూలివాడై మిగులును. సంఘము స్థాపించినది అట్టివానికొరకే గదా. అతని గుంటలో చేప చిన్నదగుటకు కారణము గుంట కాక, సెంటుకు అరువది పిల్లలు వేయుటయే యైనచో, మనము అతని రోగమును విడిచి అతని ఇంటిని పడగొట్టినవార మగుదుము.

ఫలమునుబట్టి ఏమి చేయుదుమో ముందుగనే వ్రాసి పెట్టుకొనుట మంచిది. చూచిన పిమ్మట మాట మార్చుట మానవ సహజము. మా సూచన: ఆరు జతలలో ఆరింటను పెద్ద ప్రక్క చేపయే హెచ్చు తూగి, సగటున ఆ హెచ్చు 100 గ్రాములకు తగ్గనిచో, గట్లు తెంపుటకు మేమే సభలో ప్రతిపాదింతుము. సెంటుకు 20 చొప్పున ఎకరమునకు 2000 చేపలు; తలకు 100 గ్రాములనిన ఎకరమునకు 200 కిలోలు. దానిని ఆనాటి ధరతో హెచ్చించి, మట్టిపనియు వడ్డీయు తీసివేసి చూచుకొన్నచో అప్పు తీరునో లేదో ప్రతి సభ్యుడును తానే లెక్క గట్టుకొనగలడు. భేదము అంతకు తక్కువైనచో ఆ సొమ్ము మేతకును మంచి పిల్లకును అప్పుగా ఈయవలెను. ఈ ఆరు జతలతోపాటు ఒకరిద్దరు సభ్యులు తమ 50 సెంట్ల చెరువును 25, 25గా పంచి, ఒక ప్రక్క సెంటుకు 20, మరియొక ప్రక్క 40 వేసి చూపినచో, ఒత్తు చేయు హాని యెంతయో కూడ అదే యేడు కొంత తెలియవచ్చును.

కాలువలకు నీరు వదలుటకు ముందే అడ్డుగట్లు వేసి ఆరనీయవలెను. 50 సెంట్లకు దగ్గరగా పొడవాటి చెరువు గలిగి, రెండు తూములకు బోదె అందుబాటున్న సభ్యులు తమ పేర్లను సంఘ కార్యదర్శిగారి కడ వ్రాయించగోరుచున్నాము. పశువుల కొట్టము గట్టునే యున్నవారు దయతో ముందుగా చెప్పవలెను. పేర్లు ఆరింటికి మించినచో ఎవరి చెరువులు తీసుకొనవలెనో చీటీలమీదనే నిర్ణయింతుము. ఏ కొన చిన్నది, ఏ కొన పెద్దది యనునదియు ఆనాడే, అందరి యెదుటను, చీటీ తీసి పుస్తకములో వ్రాయుదుము.